డిలీట్ కొడితే పోయినట్టేనా? దేవరకొండ ఆన్‌లైన్ సెంటర్ నుంచి ఒక ఉత్తరం

ప్రశ్న: మాది దేవరకొండ. బస్టాండు దగ్గర నేను, మా ఆయన కలిసి జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాం. రెండు కంప్యూటర్లు ఉన్నాయి. 2017లో కొన్న పాతది బాగా స్లో అయింది. సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోంది. దానికి తోడు ఈ మధ్య స్క్రీన్ మూలన ‘మీ కంప్యూటర్‌లో 1,348 సమస్యలు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి’ అని ఒకటే రావడం. నొక్కితే సంవత్సరానికి 1,999 రూపాయలు కట్టమంటోంది. ఆ సాఫ్ట్‌వేర్ కొనాలా? ఇంకొకటి, ఆ పాత కంప్యూటర్‌ను నల్లగొండలో ఒక షాపులో ఎక్స్ఛేంజ్‌కు ఇద్దామనుకుంటున్నాం. ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చాలని మా ఆయన అంటున్నారు. మొన్న డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె వచ్చి ‘అక్కా, అప్పుడు నేను పంపిన ఆధార్ డిలీట్ చేశారా?’ అని అడిగింది. చేశాననే చెప్పాను. తర్వాత చూస్తే అలాగే ఉంది, మూడేళ్ల కిందటివి కూడా ఉన్నాయి. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, దేవరకొండ

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ 1,999 రూపాయల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. స్క్రీన్ కింది మూలన వచ్చే అలాంటి హెచ్చరికలు చాలాసార్లు మీ కంప్యూటర్‌ను పరీక్షించి చెప్పేవి కావు. ఏదో ఒక వెబ్‌సైట్ పంపే నోటిఫికేషన్లు. ఇంటర్ ఫలితాల రోజు అసలు సైట్ తెరుచుకోక, పక్కన కనబడిన పది సైట్లు నొక్కుతాం కదా. వాటిలో ఏదో ఒకటి ‘అలో’ అని అడుగుతుంది, తొందరలో నొక్కేస్తాం. ఆ రోజు నుంచి ఆ సైట్‌కు మీ స్క్రీన్ మీద ఏదైనా రాసే అవకాశం దొరికినట్టే. 1,348 అన్న అంకె కూడా వాళ్లు రాసిందే.

క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లండి. ‘అలో’ కింద ఉన్న సైట్ల పేర్లు చూసి, తెలియనివన్నీ తీసేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి ఫుల్ స్కాన్ ఒకసారి పెట్టండి. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ ఈ పనికి సరిపోతుంది, పైసా కట్టక్కర్లేదు. హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉంటే దానికి మాత్రం చేయకండి. ‘ఎనీడెస్క్ వేసుకోండి, మేం సరిచేస్తాం’ అంటారు. అది వేస్తే దూరం నుంచే మీ కంప్యూటర్‌ను వాళ్లు నడపగలుగుతారు. మీ షాపు కంప్యూటర్‌లో బ్యాంకు పనులూ జరుగుతాయని మరిచిపోవద్దు. ఇప్పటికే ఎవరికైనా ఓటీపీ చెప్పి ఉంటే, డబ్బు పోయి ఉంటే, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

క్లీనర్ సాఫ్ట్‌వేర్లన్నీ మోసమేనా అంటే కాదు. మంచివి ఉన్నాయి. కానీ మంచి పేరున్న వాటి విషయంలోనూ జాగ్రత్త అవసరమే. ప్రపంచమంతా వాడే సీక్లీనర్‌నే చూడండి. 2017 ఆగస్టులో విడుదలైన దాని 5.33 వెర్షన్‌లో హ్యాకర్లు వైరస్ చొప్పించారు. అసలు కంపెనీ సర్వర్ నుంచే, ఆ కంపెనీ డిజిటల్ సంతకంతోనే అది జనానికి చేరింది. సెప్టెంబర్‌లో బయటపడేసరికి సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లింది. ఇప్పుడు అది వాడొద్దని చెప్పడానికి కాదు ఇది. కంప్యూటర్‌లో ప్రతి మూలా ఊడ్చే అధికారం ఒక ప్రోగ్రామ్‌కు ఇస్తున్నప్పుడు, ఆ అవసరం నిజంగా ఉందా అని ముందు చూసుకోవాలి. ఇక ‘రిజిస్ట్రీ క్లీన్ చేస్తాం, స్పీడ్ పెంచుతాం’ అనే వాటి జోలికే వెళ్లొద్దు. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగ్స్ అన్నీ రాసిపెట్టుకునే చోటు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చెప్పింది. లాభం కనబడదు, పాడైతే విండోస్ మళ్లీ వేయించుకోవాలి.

సి డ్రైవ్‌లో జాగా కావాలంటే విండోస్‌లోనే దారి ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ అక్కర్లేనివాటికి టిక్ పెట్టి తీసేయండి. ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ అని కనబడితే దానితోనే చాలా జీబీలు ఖాళీ అవుతాయి. ఒక్క జాగ్రత్త: ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ అని కూడా ఉంటుంది. లోపల ఏముందో చూడకుండా దానికి టిక్ పెట్టకండి. మీ షాపు కరెంటు బిల్లులు, జీఎస్‌టీ కాగితాలు కూడా అందులోనే పడి ఉండొచ్చు. 2017 నాటి కంప్యూటర్ కాబట్టి అందులో పాత రకం, తిరిగే హార్డ్ డిస్క్ ఉండే అవకాశమే ఎక్కువ. అమ్మకుండా వాడుకోవాలనుకుంటే దాని స్థానంలో ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్, వేయించండి. ఏ క్లీనరూ తేలేని స్పీడ్ వస్తుంది. కాకపోతే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంత పాత మిషన్ మీద విండోస్ 11 మామూలుగా ఎక్కదు. అందుకని దాన్ని ఇచ్చేద్దామన్న మీ ఆలోచన సరైనదే.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన మాట దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది అదే. ఆమె మళ్లీ వచ్చేదాకా ఆగకండి. నంబర్ ఉంటుంది కదా, మీరే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. ‘అప్పుడు తీసేయలేదమ్మా, ఇప్పుడు తీసేశాను’ అనండి. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చని, తన ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో అక్కడే చూసుకోవచ్చని చెప్పండి. ఇకముందు పూర్తి నంబర్ అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమనండి. అడిగే ధైర్యం ఉన్న కస్టమర్ ఆమె. అడగని వాళ్లు వందల మంది ఉంటారు.

ఒకసారి మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను కొత్త మనిషి చూసినట్టు చూడండి. వాట్సాప్ ఇమేజ్ అని మొదలై తేదీతో ముగిసే ఫొటోలు, అదే ఫొటో పక్కన బ్రాకెట్లో ఒకటి, రెండు, మూడు అని కాపీలు. టెన్త్ మెమో. కులం సర్టిఫికెట్. పట్టా పాసుబుక్కు మొదటి పేజీ. బ్యాంకు పాసుబుక్కు, దాని మీద ఖాతా నంబర్. పాస్‌పోర్ట్ సైజు ఫొటో, తెల్ల కాగితం మీద చేసిన సంతకం స్కాన్. ఇవన్నీ ఒకే మనిషివి, ఒకే రోజువి, వరసగా పక్కపక్కనే ఉంటాయి. ఒక మనిషి పేరుతో సిమ్ తీయాలన్నా, లోన్ యాప్‌లో అప్పు తీయాలన్నా మోసగాడు వెతుక్కునే కాగితాలు సరిగ్గా ఇవే.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అనుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ ఏమిటో మీకు తెలియనిది కాదు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే ఉన్న టెన్త్ మెమోలో ఉన్నాయి. తాళం వేసి చెవి గడప మీద పెట్టినట్టే అయింది.

ఇక మీ ఆయన మాట. రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే చాలదు. షిఫ్ట్ నొక్కి డిలీట్ కొట్టినా అంతే. ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో విండోస్ ఒక పట్టికలో రాసి పెట్టుకుంటుంది. మనం డిలీట్ చేస్తే ఆ పట్టికలో ‘ఈ జాగా ఖాళీ’ అని గుర్తు పెడుతుంది, అంతే. తిరిగే హార్డ్ డిస్క్‌లో అసలు ఫైలు, ఆ జాగాలో ఇంకో ఫైలు వచ్చి పడేదాకా అక్కడే ఉంటుంది. కొన్నిసార్లు సంవత్సరాల తరబడి. మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక పెన్‌డ్రైవ్‌లో మీ ఇంటి ఫొటోలు నాలుగు వేసి డిలీట్ చేయండి. తర్వాత రెకువా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసి చూడండి. డిలీట్ అయిన ఫొటోలు జాబితాలో కనబడతాయి, రికవర్ నొక్కితే తిరిగి వచ్చేస్తాయి. పక్కన మీ ఆయనను కూర్చోబెట్టుకునే చేయండి. పాత కంప్యూటర్ కొన్నవాళ్లు చేయగలిగేదీ ఇదే. అందుకు హ్యాకరే అయి ఉండనక్కర్లేదు.

నిజంగా చెరిపేయాలంటే ఫైలు ఉన్న జాగా మీద వేరే డేటా రాయాలి. ఆ పని చేసేవి బ్లీచ్‌బిట్, ఇరేజర్. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే దించుకోండి. ఇరేజర్ వేసుకుంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అక్కడికక్కడే చెరిపేయొచ్చు. బ్లీచ్‌బిట్‌లో ఖాళీ జాగాను కూడా తుడిచే సౌకర్యం ఉంది, అంటే ఇదివరకు మామూలుగా డిలీట్ చేసినవి కూడా పోతాయి. పెద్ద డిస్క్‌కు గంటలు పడుతుంది కాబట్టి షాపు కట్టేసే ముందు పెట్టి వెళ్లండి. అది నడుస్తున్నంత సేపు డ్రైవ్ పూర్తిగా నిండినట్టు కనబడుతుంది, కంగారు పడొద్దు. మధ్యలో కరెంటు పోతే ఒక పెద్ద తాత్కాలిక ఫైలు మిగిలిపోవచ్చు, యూపీఎస్ ఉంటే మంచిది. బ్లీచ్‌బిట్‌లో కనబడిన ప్రతి టిక్కూ పెట్టేయకండి. బ్రౌజర్ కింద ‘పాస్‌వర్డ్స్’ అని ఉంటుంది, అది పెడితే మీ షాపు లాగిన్లు కూడా పోతాయి.

కొన్ని సాఫ్ట్‌వేర్లు 35 సార్లు తుడుస్తామని గొప్పగా చెబుతాయి. ఆ లెక్క 1996 నాటి డిస్క్‌లను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ఇప్పటి హార్డ్ డిస్క్‌కు ఒకసారి పూర్తిగా రాస్తే సాధారణంగా చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ 35 కోసం డబ్బు కట్టక్కర్లేదు.

మీ రెండో కంప్యూటర్‌లో ఎస్ఎస్‌డీ ఉంటే సంగతి వేరు. దానిలో మనం ఒకచోట రాయమంటే అది తన లెక్క ప్రకారం ఇంకోచోట రాసుకుంటుంది. కాబట్టి ఒక్కొక్క ఫైలునూ ఇలా తుడిచి లాభం పొందలేం. అక్కడ ఎన్‌క్రిప్షన్ మేలు, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డేటాను మార్చి పెట్టడం. విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్, హోమ్ అయితే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూసి ఆన్ చేయండి. 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. దాన్ని ప్రింట్ తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి, షాపులో వద్దు. ఆ కీ పోతే డేటా మీకు కూడా దక్కదు.

ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చే పాత కంప్యూటర్ విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. హార్డ్ డిస్క్ తీయించుకుని మిగతాది ఇవ్వండి. నాలుగు స్క్రూల పని. షాపువాళ్లు కొంచెం రేటు తగ్గిస్తారు, తగ్గించనివ్వండి. అందులో చందంపేట, డిండి నుంచి వచ్చి మిమ్మల్ని నమ్మి వేలిముద్ర వేసినవాళ్ల కాగితాలున్నాయి. డిస్క్‌తో సహా ఇవ్వక తప్పదంటే, ముందు మీ షాపు ఫైళ్లు కాపీ తీసుకుని, విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీలో ‘రీసెట్ దిస్ పీసీ’ తీసుకోండి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. అక్కడితో ఆగిపోతారు చాలామంది. ‘ఛేంజ్ సెట్టింగ్స్’ లోపలికి వెళ్లి, ‘క్లీన్ డేటా’ ఆన్ చేసి, అన్ని డ్రైవ్‌ల ఫైళ్లూ తీసేయమని చెప్పండి. ఈ రెండోది చెప్పకపోతే డి డ్రైవ్‌లో పెట్టుకున్నవన్నీ కొన్నవాళ్ల చేతికి వెళతాయి.

కాగితాలు డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయనుకోవద్దు. స్కానర్ తన ఫోల్డర్ తను పెట్టుకుంటుంది, డాక్యుమెంట్స్‌లో, పిక్చర్స్‌లో వెతకండి. వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి ఫైలూ ఆన్‌లైన్‌కు కూడా వెళ్లి ఉండొచ్చు. అక్కడ డిలీట్ చేశాక కూడా దాని రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది. క్రోమ్‌లో ఏదైనా అప్లికేషన్ తెరిచి మొబైల్ నంబర్ గడిలో తొమ్మిది అని కొట్టి చూడండి. ఇదివరకటి కస్టమర్ల నంబర్లు వరసగా కిందికి జారి కనబడితే, మీ ఎదురుగా కూర్చున్నవాళ్లూ అవే చూస్తున్నారని అర్థం. ఆటోఫిల్ ఆపేసి, దాచిన సమాచారం మొత్తం తుడిచేయండి. కస్టమర్ల పని ఇకనుంచి క్రోమ్ గెస్ట్ విండోలోనే చేయండి. మూసేయగానే లాగిన్లు, హిస్టరీ పోతాయి. దించుకున్న ఫైలు మాత్రం గెస్ట్ అయినా, ఇన్‌కాగ్నిటో అయినా పోదు, దాన్ని మీరే తీయాలి.

వాట్సాప్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి, మీకు వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం ఆ దారిలోనే వస్తాయి కాబట్టి. షాపు నంబర్‌లో సెట్టింగ్స్, ప్రైవసీలో డిఫాల్ట్ మెసేజ్ టైమర్ 24 గంటలు పెట్టండి. కొత్తగా మొదలయ్యే చాట్లు తమంతట తామే చెరిగిపోతాయి. పాత చాట్లను మీరు ఖాళీ చేయాలి. ఫొటోలు, డాక్యుమెంట్లు ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ కావడం ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ ఆపేయండి. లేదంటే చాట్ పోయినా గ్యాలరీలో ఫొటో మిగులుతుంది. లింక్డ్ డివైసెస్‌లో మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందేమో కూడా చూడండి.

మీ జిరాక్స్ మిషన్ ఏ మోడలో రాయలేదు. ప్రింట్, స్కాన్ కూడా చేసే పెద్ద మిషన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో నిలిచి ఉండొచ్చు. సర్వీసు మెకానిక్ వచ్చినప్పుడు ఆ డేటా చెరిపే ఆప్షన్ అడిగి చేయించండి. మిషన్ మార్చేటప్పుడు తప్పకుండా.

డౌన్‌లోడ్స్‌కు ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి, ఒక రోజు దాటినా తెరవని డౌన్‌లోడ్స్‌ను తీసేయమని చెప్పవచ్చు. ముందు మీ సొంత ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి మార్చుకున్నాకే. అయినా నేనైతే మీ చేత్తో చేయమనే అంటాను. కస్టమర్ లేచి వెళ్లేముందు, అతని కళ్లెదుటే ఫైలు చెరిపేయండి. అది చూసినవాళ్లు మీ షాపుకే మళ్లీ వస్తారు.

ఇక్కడ మీకు వచ్చే ఇబ్బంది నాకు తెలుసు. రెండు నెలల తర్వాత అదే మనిషి వచ్చి ‘పోయినసారి ఇచ్చిన గదమ్మా, నీ కాడ ఉంటది సూడు’ అంటాడు. లేదని చెబితే కోపం చేస్తాడు. అందుకే చాలా సెంటర్లు దాచిపెడతాయి, చెడ్డ ఉద్దేశంతో కాదు. కానీ దాచాల్సిన చోటు అతని దగ్గరే. ఫోన్ ఉన్నవాళ్లకు ప్రభుత్వ డిజిలాకర్ యాప్‌లో ఖాతా తెరిపించండి. ఆధార్, చాలా బోర్డుల మెమోలు అందులో దొరుకుతాయి, మీరు స్కాన్ చేసినవి కూడా అతని ఖాతాలోనే ఎక్కించవచ్చు. ఆ పనికి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకోండి, తప్పేం లేదు. తండా నుంచి వచ్చే పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ ఉండదు. వాళ్లకు అక్నాలెడ్జ్‌మెంట్, రెండు కాపీలు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి చేతికివ్వండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా ఇదే: ఏ పని కోసం సమాచారం తీసుకున్నామో ఆ పని అయ్యాక ఉంచుకోకూడదు.

ఇంకో మాట మీరు అడగలేదు, కానీ చాలా సెంటర్లలో చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను. కస్టమర్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు రాసిపెట్టే రిజిస్టర్ కౌంటర్ మీద ఉంటుంది. దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్) అడ్మిషన్ల సమయంలో అయితే పిల్లల పేర్లు, పాస్‌వర్డ్‌లు పేజీల కొద్దీ. కొన్నిచోట్ల అప్లికేషన్‌లో సెంటర్ వాళ్ల మెయిలే, సెంటర్ వాళ్ల నంబరే ఇస్తారు. అలా ఇస్తే సీటు వచ్చిన మెసేజ్ ఆ అమ్మాయికి కాకుండా మీకు వస్తుంది, మీరు షాపు పనిలో చూడకపోతే ఆమె గడువు దాటిపోతుంది. పాస్‌వర్డ్ వాళ్ల చేతే పెట్టించి, వాళ్ల కాగితం మీదే రాయించండి. మీ దగ్గర అలాంటి రిజిస్టర్ ఉంటే ఆపేయండి. దాన్ని గానీ, సరిగా పడక పక్కన పడేసిన ఆధార్ జిరాక్స్‌లను గానీ పాత పేపర్లవాళ్లకు అమ్మకండి. బండి మీద బజ్జీల పొట్లాలుగా తిరిగి వచ్చేవి అవే. చించి, బకెట్ నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి పారేయండి.